పాటలపెట్టె మూగబోయినప్పుడు

"ఒరే, నీ పెట్టెలో నీ గొంతు పోయిందిరా" అన్నారు పెదనాన్నగారు ఫోనులో. కోపం లేదు, నిష్ఠూరం లేదు. గోడగడియారం ఆగిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఆ పెట్టె అరచేతిలో ఇమిడే ఒక పాత ఎంపీ3 ప్లేయరు. గ్లకోమాతో ఆయనకు చూపు పూర్తిగా పోయాక, దానికి కంపెనీవారు పెట్టిన ఫర్మ్‌వేరును పక్కన ఉంచి, రాక్‌బాక్స్ అనే మరొక ఫర్మ్‌వేరును ఎక్కించి తెనాలి పంపించాను. (ఫర్మ్‌వేరంటే యంత్రంలోనే కాపురముండి, ఏ మీట నొక్కితే ఏమి జరగాలో, తెరమీద ఏమి కనబడాలో నిర్ణయించే సాఫ్టువేరు.) రాక్‌బాక్స్ తన మెనూలను పైకి చదువుతుంది. మెనూలను చదివేది కంప్యూటరు పుట్టించిన ఒక ఇంగ్లీషు గొంతు. పద్యనాటకాలు, హరికథలు, త్యాగరాజ కృతులు అంటూ నేను సర్దిపెట్టిన ఫోల్డర్ల పేర్లు పలికేది మాత్రం నా గొంతు. ఆయన మీట నొక్కుకుంటూ వెళ్ళి, నేను "పద్యనాటకాలు" అనగానే ఆగేవారు. ఆ గొంతు పోయింది.

ఎందుకు పోయిందో చెప్పేముందు ఈ రాక్‌బాక్స్ పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పుకోవాలి. దీని చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఏ ఏడు ఏ ప్లేయరుకు వచ్చింది, ఎన్ని రకాల ఫైళ్ళు పాడుతుంది అని లెక్క చెబుతారు. నాకది మరమ్మతుల చరిత్రగానే కనబడుతుంది. పరాయి సాఫ్టువేరు ఎక్కించి యంత్రాన్ని పాడుచేసుకుంటే మళ్ళీ మొదటి స్థితికి వచ్చే దారి ఉందా లేదా అన్న ప్రశ్న చుట్టూనే ఇరవయ్యేళ్ళకు పైబడిన ఈ కథ తిరిగింది.

2000లో ఫ్రాన్సుకు చెందిన ఆర్కోస్ సంస్థ జ్యూక్‌బాక్స్ 6000 అనే ప్లేయరును తెచ్చింది. లాప్‌టాపుల్లో వాడే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు, 6 గిగాబైట్ల చోటు, చార్జి చేసుకోగల నాలుగు పెన్సిల్ సెల్లులు, రెండు వరుసల తెర. వరుసకు 11 అక్షరాలు. 2001 అక్టోబరులో ఐపాడ్ వెలువడేనాటికే ఇది చాలామంది చేతుల్లో ఉంది. యంత్రంతో పెద్ద పేచీ లేదు. దాన్ని నడిపించే సాఫ్టువేరుతోనే చిక్కంతా. స్వీడన్‌లో బ్యోర్న్ స్టెన్‌బర్గ్, అతని సోదరుడు డేనియల్ స్టెన్‌బర్గ్, వారి మిత్రుడు లినస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్ ఆ సాఫ్టువేరుతో విసిగి, 2001 చివరిలో సొంతంగా మరొకటి రాయడానికి పూనుకున్నారు. (అంతర్జాలంలో దస్త్రాలను తెచ్చిపెట్టే కర్ల్ అనే ఉపకరణాన్ని ఇచ్చినది ఈ డేనియలే. ఆ పనికే 2017లో స్వీడన్ రాజు చేతుల మీదుగా పోల్హెమ్ బహుమతి అందుకున్నాడు.)

ఆర్కోస్ తన సాఫ్టువేరు మూలాన్ని ఎవరికీ చూపలేదు. వారి చేతిలో ఉన్నవి మూత విప్పిన ప్లేయరు, యంత్రభాషలో ఉన్న ఫర్మ్‌వేరు ఫైలు, చిప్పులమీద అచ్చయిన పేర్లు. ప్రాసెసరు హిటాచీవారి ఎస్‌హెచ్-1. వేగం సుమారు 12 మెగాహెర్ట్జ్. ఆ వేగంతో అది ఎంపీ3ని విప్పి పాడలేదు. అందుకోసం మాస్3507డి అనే వేరొక చిప్పు ఉంది. ప్రాసెసరు పని డిస్కునుంచి బైట్లు తెచ్చి దాని నోటికి అందించడమే. ఇందులోనూ ఒక తిరకాసుంది. ప్రాసెసరు ప్రతి బైటులోని బిట్లనూ ఒక చివరినుంచి పంపితే, మాస్ చిప్పు వాటిని రెండో చివరినుంచి ఆశిస్తుంది. ఉర్దూ పుస్తకాన్ని తెలుగు పుస్తకంలా తెరిచినట్టు. అందువల్ల పాటలోని ప్రతి బైటునూ ముందే తిరగేసి అందించవలసి వచ్చింది. సెకనుకు 16 కిలోబైట్ల చొప్పున, ఆగకుండా. ఆ తిరగేసే చిన్న తునక రాక్‌బాక్స్ మూలంలో చాలాకాలం విడిగా, అసెంబ్లీ భాషలో ఉండేది.

జ్ఞాపకశక్తి చూడబోతే 2 మెగాబైట్లు. అంటే మామూలు 128 కిలోబిట్ల ఎంపీ3 రెండు నిమిషాలకు సరిపడా. ఆ రెండు నిమిషాల సరుకు నింపుకొని డిస్కును ఆపెయ్యాలి, అయిపోవస్తుండగా మళ్ళీ తిప్పాలి. డిస్కు తిరిగినకొద్దీ సెల్లులు కరుగుతాయి. ఈ బాధ పడలేక కొందరు ఆ చిప్పును ఊడదీసి 8 మెగాబైట్లది టంకం పెట్టుకున్నారు. రాక్‌బాక్స్ ఆ మార్పునూ గుర్తించి వాడుకొనేలా రాశారు.

ఇన్ని చిక్కులున్నా ఆ ప్రయత్నం బతికి బట్టకట్టడానికి కారణం ఒక దొడ్డితలుపు. ప్లేయరు మేలుకోగానే దాని రామ్ కాదు, చెరిగిపోని రోమ్‌లోని ప్రోగ్రాము ముందుగా లేస్తుంది. లేచి, డిస్కు మొదటి మెట్టులో ఆర్కోస్ డాట్ మాడ్ అనే ఫైలుందా అని వెతుకుతుంది. ఉంటే తనను తాను పక్కన పెట్టి దాన్ని నడిపిస్తుంది. ఆర్కోస్ తన సొంత సవరణలను జనానికి అందించడానికి పెట్టుకున్న ఏర్పాటది. ఆ ఫైలును కాస్త కలగాపులగం చేసి ఉంచేవారు గానీ ఆ చిక్కుముడి విప్పడం కష్టం కాలేదు. దాంతో రాక్‌బాక్స్ ఎక్కించడమంటే ఒక ఫైలు కాపీ చెయ్యడం. నచ్చకపోతే ఆ ఫైలు తీసెయ్యడం. రోమ్ జోలికి పోనక్కరలేదు. చేతిలో పనిముట్లు లేని మనిషి కూడా ధైర్యం చెయ్యగలిగాడంటే ఈ తలుపు పుణ్యమే. 2002 జూన్‌లో 1.0 విడుదలైంది.

తొలినాటి చిక్కులు వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒకే పేరుతో అమ్మిన ప్లేయర్లలోనే అక్షరాల తెరలు రెండు రకాలు. ఒకదానికి రాసిన అక్షరపట్టిక రెండోదానిమీద పిచ్చిగీతలు చూపేది. రెండు పట్టికలూ పెట్టుకొని, ఎదుట ఉన్నది ఏదో కనిపెట్టి నడుచుకోవలసి వచ్చింది. డిస్కుమీద ఫైళ్ళు రాసే శక్తి రాకముందు, వాడుకరి పెట్టుకున్న సెట్టింగులను డిస్కు మొదట్లో ఎవరూ వాడని ఒక సెక్టారులో దాచేవారు. అద్దె ఇంటి అటకమీద సామాను దాచుకున్నట్టు.

2003లో కొరియానుంచి ఐరివర్ హెచ్100 వరుస వచ్చింది. దాని కోల్డ్‌ఫైర్ ప్రాసెసరు వేరే చిప్పు సాయం లేకుండా తానే ఎంపీ3ని విప్పగలదు. అంటే ఏ రకం ఫైలు పాడాలో నిర్ణయించేది ఇక సాఫ్టువేరే. ఆగ్, ఫ్లాక్ వంటివన్నీ రాక్‌బాక్స్‌లోకి వచ్చింది ఈ దారినే. మా పెదనాన్నగారి వంటి శ్రోతలకు అంతకన్న ముఖ్యమైనది మరొకటుంది. ఎంపీ3 తయారయ్యేటప్పుడు పాట మొదట్లోనూ చివరలోనూ కొంచెం నిశ్శబ్దం అతుక్కుంటుంది. అది ఆ విధానపు లక్షణం. సినిమా పాటలకు ఇబ్బంది లేదు. కచేరీలో ఆలాపన ముగిసి కృతి ఎత్తుకునేచోట, నాటకంలో పద్యం చివరి రాగం ఇంకా సాగుతుండగా ట్రాకు మారేచోట ఆ ఖాళీ గొంతు పట్టి నొక్కినట్టుంటుంది. లేమ్ వంటి ఎన్‌కోడర్లు ఆ ఖాళీ ఎంతో ఫైలులోనే రాసిపెడతాయి. ఆ లెక్క చదివి, అంతమేరకు కత్తిరించి, రెండు ముక్కలనూ అతుకు తెలియకుండా కలపడం రాక్‌బాక్స్‌కు తెలుసు. సంగీతం వినేవాడికి ఈ ఒక్క సుగుణం చాలు, ప్లేయరును పాడుచేసుకునే ప్రమాదానికి సిద్ధపడటానికి.

ప్రమాదమని ఊరికే అనలేదు. ఐరివర్‌కు ఆర్కోస్‌లాంటి దొడ్డితలుపు లేదు. కంపెనీ ఫర్మ్‌వేరు ఫైలుకే రాక్‌బాక్స్ బూట్‌లోడరును అంటుకట్టి, దాన్ని ప్లేయరులోని ఫ్లాష్ చిప్పులో రాయించాలి. మధ్యలో బ్యాటరీ అయిపోయినా, అంటుకట్టిన ఫైలు చెడినా ప్లేయరు మరి లేవదు, అహల్యలా రాయైపోతుంది. అందుకే అంటుకట్టే ఉపకరణం ముందుగా కంపెనీ ఫైలు చెక్‌సమ్‌ను లెక్కగట్టి, తనకు తెలిసిన విలువలతో పోల్చేది. సరిపోకపోతే ముట్టుకోనని మొండికేసేది. ఎంతోమంది దీన్ని లోపమని తిట్టుకున్నారు. ఆ మొండితనమే వారి ప్లేయర్లను కాపాడింది. అప్పటికీ రాయైపోయినవాటికి ఒకటే శాపవిమోచనం: మూత విప్పి, బోర్డుమీద సన్నని తీగలు టంకం పెట్టి, ప్రాసెసరులోని డీబగ్ ద్వారం గుండా ఫ్లాష్‌ను తిరిగి రాయడం. ఆ విద్య తెలిసినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది.

ఐపాడ్ సంగతి వేరు. దాని రోమ్, డిస్కులో పైకి కనబడని ఒక విభాగంనుంచి అసలు సాఫ్టువేరును ఎత్తుకుంటుంది. ఐపాడ్‌మీద లైనక్స్ నడపాలనుకున్నవారు ఇది ముందే కనిపెట్టారు. వారి కృషిమీదనే రాక్‌బాక్స్ అక్కడ అడుగుపెట్టింది. ఆ కృషిలో ఒక ఘట్టం నాకెంతో ఇష్టం. నాలుగో తరం ఐపాడ్‌లోని రోమ్ సమాచారం బయటికి లాగాలి. లోపల ప్రోగ్రాము నడపగలుగుతున్నారు గానీ సమాచారం బయటికి పంపే దారి ఏదీ తెలియలేదు. చక్రం తిప్పితే టిక్కుటిక్కుమనే చిన్న స్పీకరు ఒక్కటే వారి మాట వింటోంది. ఒక జర్మన్ విద్యార్థి రోమ్‌లోని బైట్లన్నిటినీ ఆ టిక్కుల రూపంలో పలికించి, బయటి చప్పుళ్ళు పడకుండా పెట్టెలో పెట్టి, గంటల తరబడి రికార్డు చేసి, ఆ శబ్దంనుంచి తిరిగి బైట్లను రాబట్టాడు. తన రహస్యాన్ని తన నోటితోనే చెప్పింది యంత్రం.

ఐపాడ్‌లో డిస్కు మోడ్ అనేది రోమ్‌లోనే ఉంటుంది. మెనూ, మధ్యమీట కలిపి పట్టుకొని యంత్రాన్ని పునఃప్రారంభించి, వెంటనే మధ్యమీటా ప్లే మీటా పట్టుకుంటే, లోపల ఏ సాఫ్టువేరు ఎంత చెడినా అది వట్టి డిస్కులా కంప్యూటరు ముందు కూర్చుంటుంది. అందుకే దాన్ని రాయి చెయ్యడం అంత తేలిక కాదు. అక్కడ ఎక్కువమంది తట్టుకొని పడింది మరో గడప దగ్గర: మ్యాక్‌తో సిద్ధం చేసిన ఐపాడ్‌లో డిస్కు అమరిక వేరు, రాక్‌బాక్స్ చదివేది ఫ్యాట్32 మాత్రమే. బూట్‌లోడరు చక్కగా లేస్తుంది, విభజన కనబడలేదని చెప్పి చతికిలబడుతుంది. పాడైందేమీ లేదు, డిస్కు అమరికను మార్చుకోవాలంతే.

2006 సెప్టెంబరులో రెండో తరం నానోతో ఈ తలుపు మూతపడింది. ఫర్మ్‌వేరును గుప్తలిపిలో భద్రపరిచారు. మరుసటి ఏటి క్లాసిక్‌కూ అదే తాళం. 2009లో నానో నోట్స్ చదివే భాగంలో ఒక లోపం దొరికేదాకా ఎవరూ లోపలికి వెళ్ళలేకపోయారు. డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువులో మనకిష్టమైన ప్రోగ్రాము నడపడానికి కన్నం వెయ్యాల్సిన రోజులు అలా వచ్చాయి. కంపెనీలకు వాటి కారణాలు వాటికి ఉండవచ్చు. చూపులేని మనిషికి మాట్లాడే మెనూ కావలసినప్పుడు ఆ కారణాలు నా తలకెక్కవు.

ఇక చెడినప్పుడు కనబడే తెర గురించి. రాక్‌బాక్స్ తనకు దిక్కుతోచనప్పుడు పానిక్ అని రాసి ఆగిపోతుంది. కిందనొక చిన్న మాట. స్టకోవ్ అని ఉంటే ఒక పనికి కేటాయించిన స్టాకు పొంగిపొర్లిందని. ఏటీఏ అని, పక్కన ఒక రుణసంఖ్య ఉంటే డిస్కు పలకడం లేదని. పోయేకాలం వచ్చిన డిస్కైనా కావచ్చు, దాన్ని తిప్పలేనంత నీరసించిన బ్యాటరీయైనా కావచ్చు. డేటా అబార్ట్ అని వస్తే పక్కనే జ్ఞాపకంలోని ఒక చిరునామా ఉంటుంది. ఆ అంకె ఆ ఒక్క బిల్డుకే చెల్లుతుంది. రేపటి బిల్డులో అదే చిరునామాలో మరొక ప్రోగ్రాము ముక్క ఉంటుంది. కనుకనే ఎవరు ఏ గోడు చెప్పుకున్నా తయారుచేసినవారు మొదట అడిగేది "ఏ బిల్డు?" అని. అది తప్పించుకునే మాటనుకొని నొచ్చుకున్నవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

ఈ తెరలో ఒక పెద్ద కొరత ఉంది. 2004లోనే రాక్‌బాక్స్ మెనూలను చదవడం నేర్చింది. తెరలేనివారి కోసమని కాదు, తెర చూడలేనివారి కోసం. అంధులు దీన్ని ఎంతగా హత్తుకున్నారో ఆ ప్రాజెక్టును ఎరిగినవారందరికీ తెలుసు. అయితే పానిక్ తెర మాట్లాడదు. మాట్లాడించే భాగమే కూలినప్పుడు ఎలా మాట్లాడుతుంది! చూపున్నవాడికి దొరికే ఒక్క ఆధారమూ చూపులేనివాడికి నిశ్శబ్దంగానే మిగిలిపోతుంది.

తెలుగు దగ్గరికి వస్తే, 2005లో రాక్‌బాక్స్‌కు యూనికోడు వచ్చిందని విని నేను ఉబ్బిపోయాను. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కనబడటానికే సీడీ పెట్టి అవీ ఇవీ టిక్కులు కొట్టిన రోజులు మనకు గుర్తే కదా. తెలుగు అక్షరాలున్న యూనిఫాంట్ ఎక్కించి చూశాను. అక్షరాలు వచ్చాయి, ఒక్కటీ ఒకదాంతో ఒకటి కలవలేదు. "శ్రీ" అన్నది శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అని విడివిడిగా వరుసకట్టి నిలబడింది, పెళ్ళిలో అలిగిన వియ్యంకుల్లా. ఒత్తులనూ గుణింతాలనూ కూర్చే యంత్రాంగం అందులో లేదు. మళ్ళీ ఆర్టీఎస్‌కే దిగి, ఫైళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాను. అయితే ప్రతి ఫోల్డరులోనూ ఒక చిన్న శబ్దఫైలు పెడితే, ఆ ఫోల్డరు మీదికి రాగానే అది వినిపించే ఏర్పాటు రాక్‌బాక్స్‌లో ఉంది. రాయలేని తెలుగును పలకవచ్చన్నమాట. ఒక ఆదివారమంతా కూర్చొని నలభై పేర్లు చదివాను. "హరికథలు" నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది, కింద కూరగాయలబండి ఆగకుండా అరుస్తోంది.

ఆ గొంతే పోయిందని పెదనాన్నగారు ఫోను చేశారు. నా బుర్రలో మొదట మెదిలింది ఏటీఏ. డిస్కు పోయిందని తీర్మానించేసుకొని, మీట పది సెకన్లు పట్టుకోండి, వదలండి, చార్జరు పెట్టండి, మళ్ళీ పట్టుకోండి అని అరగంటసేపు ఆయనతో కసరత్తు చేయించాను. ఆయన అన్నీ ఓపికగా చేశారు. చివరికి, "అది కాదురా, ఆ ఇంగ్లీషావిడ మాట్లాడుతూనే ఉంది. నువ్వే మాట్లాడటం లేదు" అన్నారు.

ఆయన మొదటి మాటలోనే అది ఉంది. నేను వినలేదు.

మెనూలు పలుకుతున్నాయంటే డిస్కు క్షేమం, పానిక్ లేదు. ఫోల్డర్ల గొంతు మాత్రమే పోయిందంటే సెట్టింగులు తుడిచిపెట్టుకుపోయాయి. మెనూలు పలకడం రాక్‌బాక్స్‌కు పుట్టుకతో ఉన్న గుణం, ఫోల్డరు శబ్దాలు మాత్రం మనం కోరి పెట్టుకోవాలి. ఆయన ప్లేయరులో, రాక్‌బాక్స్ లేచే క్షణంలో హోల్డ్ మీట వేసి ఉంటే సెట్టింగులన్నీ మొదటికి వచ్చేస్తాయి. ఏదో తప్పుడు సెట్టింగు వల్ల యంత్రం వాడలేని స్థితికి వస్తే బయటపడటానికి పెట్టిన దారి అది. లాల్చీ జేబులో ఆ మీట జారి, ఆ దారి దానంతటదే తెరుచుకుంది.

బాగుచెయ్యడానికి ఆయనకు నా కళ్ళు అక్కర్లేకపోయాయి. తపాలా శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషి, ఇంగ్లీషావిడ చదివేది ఆయనకు అర్థమవుతుంది. ఫోను స్పీకరులో పెట్టి, ఆవిడ చెప్పింది నాకు చెబుతూ, నేను "దిగండి, ఇంకా దిగండి, ఇప్పుడు నొక్కండి" అంటూ ఉంటే, వాయిస్ విభాగంలోకి వెళ్ళి, ఫోల్డరు శబ్దాలు వాడమనే ఐచ్ఛికాన్ని ఆయనే తెరిచారు. బయటికి వచ్చి ఒకసారి మీట నొక్కారు. ఫోనులో నా గొంతు నాకే వినబడింది, "హరికథలు" అని, వెనకాల సన్నగా కూరగాయలబండితో సహా.

2008లో 3.0 వచ్చింది, 2019లో 3.15. ఆ తరువాత ఆర్కోస్ తొలి యంత్రాలకు కొత్త విడుదలలు ఆగిపోయాయి. ఏ పెట్టెకోసమైతే ఇదంతా మొదలైందో ఆ పెట్టె జాబితాలోనుంచి దిగిపోయింది. 2022 మేలో ఆపిల్ ఐపాడ్‌ను ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో రాక్‌బాక్స్ 4.0 వెలువడింది. డిస్కు చచ్చిన పాత ఐపాడ్‌లలో దాని స్థానే మెమరీ కార్డు బిగించుకొని వాడుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

మరుసటి వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు ఆ ప్లేయరులో ఫిక్స్‌డ్ డాట్ సీఎఫ్‌జీ అని ఒక ఫైలు పెట్టాను. అందులో రాసిన సెట్టింగులు ప్లేయరు లేచిన ప్రతిసారీ తిరిగి అమలవుతాయి. హోల్డ్ మీట మళ్ళీ జారినా, ఒకసారి ఆపి వేస్తే ఫోల్డర్ల గొంతు తిరిగొస్తుంది. పెదనాన్నగారు అంతా విని, "మరి ఆ కూరగాయలబండి తీసెయ్యవా?" అని అడిగారు. తీసి మళ్ళీ చదవమంటారా అన్నాను. వద్దులే, దాన్నిబట్టే హరికథలు వచ్చాయని తెలుస్తోంది అన్నారు.